భూదేవి యోర్పు

మన యిండ్లలో స్త్రీని పొగడవలసివచ్చినప్పుడు “ఆమెకు భూదేవికున్నంత యోర్పు” అందురు. అత్తగారి మాటలు పడి, భర్త కోపము సహించి, బదులు పలుకని కోడలికి లభించు బిరుద మిది. అట్టి యిల్లాలే, ముప్పది యేండ్ల కాపురము గడచిన పిదప, ఒకనాడు చిన్నమాటకు పెద్దగా కేకవేసినచో నిల్లంతయు విస్తుపోవును. “ఇంతమాత్రమునకే యింత కోపమా?” అని విచారణ సాగింతురు. ఆ విచారణ ఆనాటి మాటతో మొదలై ఆనాటి మాటతోనే ముగియును. తప్పు ఆమెదని తేలును. ఈ తీర్పు న్యాయమైనదా? పోలికకు భూదేవిని తెచ్చినవారము మనమే కనుక, ఆమె యోర్పెట్టిదో ముందుగా చూతము.

సముద్రముల యడుగున నున్న రాతిపొర, భూమిలోపలినుండి కరగి పైకివచ్చి గట్టిపడిన బసాల్టు మొదలగు శిలలతో నేర్పడినది. దాని పగుళ్లలోనికి సముద్రజలము దిగి, వేడెక్కి, రాతితో కలియును. గుంటలో నీరు నిలిచినట్లు ఈ నీరు నిలువదు. ఖనిజముల నిర్మాణములోనే చేరిపోవును. అడుగు పొరలలోని ఆలివీనను ఖనిజ మిట్లు నీటిని గ్రహించి సర్పెంటీనుగా మారును. సర్పెంటీను బరువులో నూటికి సుమారు 13 పాళ్లు నీరే. అయినను దానిని పొడిచేసి పిడికిట పట్టినచో చేతికి తడి యంటదు. ఇందు నీరున్నదని యెవరైన ననిన, చూచువాడు నవ్వును.

ఈ పొర యేటికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుచు, కోట్ల సంవత్సరములకు పిమ్మట వేరొక ఫలకము క్రిందికి దిగిపోవును. దిగినకొలది వేడియు నొత్తిడియు హెచ్చును. నీటిని పట్టియుంచుటకు ఖనిజమునకొక హద్దు కలదు. సర్పెంటీను సుమారు 500 డిగ్రీల సెంటీగ్రేడునకు పైన నిలువజాలదని బోవెన్, టటిల్ అను శాస్త్రజ్ఞులు ప్రయోగములు చేసి 1949లో ప్రకటించిరి. భూగర్భమునందలి గొప్ప యొత్తిడిలో ఆ హద్దు మరికొంత హెచ్చును. ఎట్లయినను హద్దు హద్దే. సుమారు 100 కిలోమీటర్ల లోతున విడివడిన నీరు పైనున్న వేడి రాతిలోనికి చేరును.

ఇచటనే వింత యున్నది. నీరు నిప్పునార్పునని మన మెరుగుదుము. అచట నీరు చేరుటచే రాయి కరుగుటకు కావలసిన వేడి వందలకొలది డిగ్రీలు తగ్గిపోవును. క్రొత్తగా మంట యేదియు రాజుకొనలేదు. ఉన్న వేడికే, అంతవరకు గట్టిగా నిలిచిన రాయి కరగసాగును. ఆ ద్రవమే పైకెగసి అగ్నిపర్వతమగును. మన యండమాను సముద్రములోని బారెన్ ద్వీపము, భారత ఫలకము బర్మా ఫలకము క్రిందికి దిగుటవలన నిట్లే పుట్టినది.

ఇప్పుడు ఇల్లాలి కేకను మరల విచారింతము. ఆనాటి మాట క్రొత్తది కాదు. అంతకంటె కఠినమైన మాటలకు ఆమె యూరకున్న దినములు పెక్కులు. ఆనాడు హెచ్చిన వేడియేదని వెదకువారికి వేడి కనబడదు. కనబడక, “స్వభావమే చెడినది” అందురు. పైకి తడి లేనంతమాత్రమున లోన నీరు లేదనుకొనుట యెట్టి పొరపాటో, ఇదియు నట్టిదే.

అట్లని ప్రతి కోపమును న్యాయమనవచ్చునా? అనరాదు. ఫిలిప్పైన్సులోని పినటూబో పర్వతము సుమారు 500 ఏండ్లు నిద్రించి, 1991 జూన్ 15న మహోగ్రముగా ప్రేలెను. తుపాను వర్షమునకు తడిసిన బూడిద బరువున ఇండ్ల కప్పులు కూలి వందలమంది మరణించిరి. వారు చేసిన యపరాధమేమి? ఇంటిలోను కోపము తరచుగా కారకులను విడిచి, పసిబిడ్డమీదనో పనిమనిషిమీదనో పడును. కారణము తెలిసినంతమాత్రమున దెబ్బ తిన్నవాని నొప్పి తగ్గదు. కారణ మెరుగుట వేరు, కార్యమును మెచ్చుట వేరు.

కాని ఆ పినటూబో కథలోనే వేరొక విషయమును కలదు. ప్రేలుడునకు రెండు నెలలకు ముందే, ఏప్రిల్ మొదట, ఆ కొండ ఆవిరి చిమ్మెను. నేల సన్నగా కంపించెను. ఆ దేశపు శాస్త్రజ్ఞులు అమెరికావారితో కలిసి ఆ చిన్న గుర్తులను దినదినము గమనించి, జనులను తరలింపజేసి, వేలకొలది ప్రాణములు కాపాడిరి. కొండను మాన్ప నెవరి తరమును కాలేదు. దాని సన్నని కంపమును వినుట మాత్రము వారి తరమైనది.

రాతికి నోరు లేదు, కోరిక లేదు. నీటిని త్రాగుటయు విడుచుటయు దాని యిచ్ఛ కాదు. కనుక రాతి యోర్పు గుణమును కాదు, దోషమును కాదు. మనుష్యునకు నోరున్నది. నోరున్నదానిని రాతితో పోల్చి పొగడుటలో మన సౌకర్యమే యెక్కువగ నున్నది. ఆమె యూరకున్నంతకాలము మన మేమియు మార్చుకొన నక్కరలేదు గదా! ఆ పొగడ్త వినివిని ఆమెయు తన బాధను చెప్పుకొనుట తప్పని తలచును.

చదువరులారా, మీ యింట మాటలాడని మనిషి యెవరైన నున్నచో, అది శాంతమని నిశ్చయింపకుడు. చేతి పని నొకింత నిలిపి, ఆమె ప్రక్కన కూర్చుండి, ఏమి కావలెనని యడుగుడు. మొదటి దినమున “ఏమియు లేదు” అనును. మరునాడును అడుగుడు.