అధ్యాపన వృత్తి: ఆదాయవ్యయ విచారణలో ధర్మాధర్మాలు

ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించదలచిన యువతీయువకులు, ఆ వృత్తికి అర్హతనిచ్చే బి.ఎడ్. చదువుకు పట్టే ఖర్చును, దాని మీద రాగల జీతాన్ని పక్కపక్కన పెట్టి తూచుకోవడం ధర్మసమ్మతమా, లేక విద్యాదానాన్ని బేరసారాల స్థాయికి దించడమా అన్నది ఇక్కడి విచారణీయాంశం. విద్య అమ్మకపు సరుకు కాదన్న భావన తెలుగునాట ఎంత బలంగా నాటుకొని ఉన్నదో, ఉపాధ్యాయునికి ఇచ్చే జీతాన్ని కుదించడానికి అదే భావనను వాడుకొనే అలవాటు కూడా అంత బలంగానే ఉన్నది కనుక, ఈ రెండింటినీ విడదీసి చూడవలసిన అవసరం ఏర్పడింది.

ఈ విచారణకు హైదరాబాదులోని బేగంబజార్ తగిన భూమిక. రెండవ అసఫ్ జా నిజాం అలీఖాన్ భార్య వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసిందని చెప్పుకొనే ఈ పేట, కిరాణా, మసాలా దినుసులు, ఎండుఫలాలు, స్టీలు, ఇత్తడి సామాను టోకు వర్తకానికి ప్రసిద్ధి. ఇటువంటి పేటల్లో స్థిరపడిన మార్వాడీ, గుజరాతీ వర్తక కుటుంబాల సంప్రదాయంలో, దీపావళినాడు కొత్త ఖాతా పుస్తకాల మీద ‘శుభ్, లాభ్’ అని రాసి పూజించే ఆచారం ఉన్నది. గుజరాతీలు ఆ పూజను శారదాపూజ అని కూడా అంటారు, అంటే లెక్కల పుస్తకాన్నే సరస్వతీ స్వరూపంగా భావిస్తారు. లెక్క చూడటం సరస్వతికి అపచారం కాదని, లెక్కలో సత్యం తప్పడమే అపచారమని ఈ ఆచారం నుంచి గ్రహించవచ్చు.

ముందుగా లెక్క స్వరూపం తెలియాలి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో చేసిన నిబంధనల ప్రకారం, అంతకుముందు ఒక్క సంవత్సరంలో ముగిసే బి.ఎడ్. రెండు సంవత్సరాలకు పెరిగింది. దీనితో కళాశాల ఫీజుకు తోడు, ఆ రెండేళ్లూ పనిచేసి ఉంటే వచ్చే సంపాదన కూడా ఖర్చులోకే వచ్చి చేరింది. ఆర్థికశాస్త్రం దీనిని అవకాశ వ్యయం అంటుంది, అంటే ఒక దారి పట్టినందువల్ల రెండవ దారిలో పోగొట్టుకొన్న ఫలం. ఒక ఊహాలెక్క తీసుకొంటే, టోకు దుకాణంలో గుమాస్తాగా నెలకు 12,000 రూపాయలు సంపాదించగల పట్టభద్రురాలు రెండేళ్లలో 2,88,000 రూపాయలు వదులుకొంటుంది. ఫీజులు, పుస్తకాలు, రాకపోకలు కలిపి 60,000 అనుకొంటే మొత్తం ఖర్చు 3,48,000 అవుతుంది. చదువు ముగిశాక ప్రైవేటు బడిలో ఆమెకు గుమాస్తా జీతం కన్నా నెలకు 3,000 మాత్రమే ఎక్కువ వస్తే, పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి 116 నెలలు, అనగా పదేళ్లకు నాలుగు నెలలు తక్కువ పడుతుంది. అదే తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ అసిస్టెంటుగా 42,300 రూపాయల మూలవేతనంతో చేరగలిగితే, కరువుభత్యం వంటివి కలపకుండానే ఏడాది తిరగకముందే ఆ సొమ్ము చేతికి వస్తుంది.

ఈ రెండు ఫలితాల మధ్య ఉన్న అగాధమే సమస్యకు మూలం. ప్రభుత్వ కొలువుకు బి.ఎడ్. ఒక్కటే చాలదు, 2010 ఆగస్టు నాటి ఉత్తర్వుతో టెట్ అనే అర్హత పరీక్ష వచ్చి చేరింది, దాని తరువాత డీఎస్సీ నియామక పరీక్ష ఉన్నది. ఆ నియామకాలు ఏటా జరిగేవి కావు: తెలంగాణ ఏర్పడిన తరువాత తొలి ప్రకటన 2017లో వెలువడగా, 11,062 పోస్టులతో పెద్ద ప్రకటన 2024లో గాని రాలేదు. పైగా, 2018లో బి.ఎడ్. పట్టభద్రులకు ప్రాథమిక తరగతుల బోధనకు ఇచ్చిన అవకాశం చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చదువుకు డబ్బు కట్టిన తరువాత దాని విలువ మారిపోగల ఇటువంటి పరిస్థితిలో, ముందుగా లెక్క చూసుకోనివారిని నిస్వార్థులని మెచ్చుకోవడం కన్నా, వారికి ఎవరూ నిజం చెప్పలేదని అనుకోవడమే సమంజసం.

అయినప్పటికీ శాస్త్రం నుంచి ఒక గట్టి అభ్యంతరం వినిపిస్తుంది. తర్కపద్ధతిలో ఖండించబోయే వాదాన్ని ముందుగా నిలబెట్టడాన్ని పూర్వపక్షం అంటారు. ఇక్కడి పూర్వపక్షానికి ఆధారం మనుస్మృతి. అందులో వేదాన్ని సాంగంగా నేర్పే ఆచార్యునికి, జీవనం కోసం అందులో కొంత భాగం నేర్పే ఉపాధ్యాయునికి భేదం చెప్పి, ఆచార్యునికి ఎంతో పెద్ద స్థానం ఇచ్చారు. జీతానికి చదువు చెప్పేవానిని శ్రాద్ధభోజనానికి పిలవదగనివారి జాబితాలో చేర్చారు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో కూడా, కేవలం బతుకుతెరువు కోసమే విద్య గలవానిని జ్ఞానం అమ్మే వర్తకునిగా నిందించే మాట ఉన్నది. గ్రీకు దేశంలో సోక్రటీసు, ఫీజు పుచ్చుకొని బోధించే సోఫిస్టులకు భిన్నంగా తాను ఎవరి వద్దా రుసుము తీసుకోలేదని చెప్పుకొన్నట్టు ప్లేటో రాశాడు.

ఈ పూర్వపక్షం నిలవాలంటే అది ఏ ఏర్పాటు మీద ఆధారపడి ఉన్నదో చూడాలి. అదే మనుస్మృతి, అధ్యాపనాన్ని బ్రాహ్మణుని జీవనోపాయాలు మూడింటిలో ఒకటిగా చెప్పింది. శిష్యుడు చదువు ముగియకముందు గురువుకు ఏమీ ఇవ్వనక్కరలేదని, స్నాతకుడై వెళ్లేటప్పుడు శక్తికొద్దీ దక్షిణ ఇవ్వాలని కూడా చెప్పింది. అంటే, బోధకుడు కాబోయేవాడు ముందుగా సొమ్ము కట్టి అర్హత కొనుక్కొనే పద్ధతి అప్పుడు లేదు. గురుకులం అతనిని పోషించింది, అగ్రహారాలు, దానాలు గురుకులాన్ని పోషించాయి. మాళవికాగ్నిమిత్రంలో ఆ నింద పలికే గణదాసు కూడా రాజాస్థానంలో కొలువున్న నాట్యాచార్యుడే. అతని దృష్టిలో జీవనం దోషం కాదు, జీవనం తప్ప మరేదీ లేకపోవడమే దోషం. భాగవతాన్ని రాజులకు అంకితం ఇవ్వలేదని తెలుగువారు తలచుకొనే బమ్మెర పోతన సైతం, ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, నాగలి పట్టి బతికినవాడు. విద్యను అమ్మనన్న ప్రతి గొప్ప నిరాకరణ వెనుకా అన్నం పెట్టే మరొక ఆధారం ఉన్నది. ఆ ఆధారాన్ని తీసివేసి నిరాకరణను మాత్రం నేటి ఉపాధ్యాయుని నుంచి కోరడం శాస్త్రాన్ని సగమే చదవడం.

హైదరాబాదు ముస్లింలలో అధికసంఖ్యాకులు అనుసరించే హనఫీ సంప్రదాయం ఈ సత్యాన్ని స్పష్టంగా గుర్తించింది. ఖురాన్ బోధనకు వేతనం తీసుకోరాదని తొలితరం హనఫీ న్యాయవేత్తలు నిర్ణయించారు; బోధకులకు ప్రభుత్వ ఖజానా నుంచి అందే భృతులు ఆగిపోయిన తరువాత, వేతనం లేకపోతే బోధనే అంతరిస్తుందన్న కారణంతో తరువాతి తరాలవారు దానిని అనుమతించారు. నిషేధానికి ఆధారమైన పరిస్థితి మారినప్పుడు నిషేధం కూడా మారాలన్నదే ఈ నిర్ణయంలోని న్యాయం.

ఆ పరిస్థితి ఎంత మారిందో 2021 ఏప్రిల్‌లో తెలంగాణ మొత్తం చూసింది. కోవిడ్ వల్ల బడులు మూతపడి జీతాలు లేక అల్లాడుతున్న ప్రైవేటు ఉపాధ్యాయులకు, సిబ్బందికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. అన్నేళ్ల చదువు, అంత ఖర్చు పెట్టి సంపాదించుకొన్న వృత్తి, కొన్ని నెలల విరామానికి కూడా తట్టుకోలేని స్థితిలో ఉన్నదని అప్పుడు బయటపడింది.

అయితే లెక్కకు ఒక హద్దు కూడా ఉన్నది. రఘువంశంలోని కౌత్సుని కథ దానిని చూపుతుంది. దక్షిణ కోరమని పట్టుబట్టిన శిష్యుని మీద కోపించి, వరతంతు మహర్షి తాను నేర్పిన పద్నాలుగు విద్యలకు పద్నాలుగు కోట్లు అడుగుతాడు. ఆ సొమ్ము కోసం శిష్యుడైన కౌత్సుడు రఘుమహారాజును ఆశ్రయిస్తాడు. యజ్ఞంలో సర్వస్వం దానం చేసిన రఘువు, కుబేరుడు కురిపించిన బంగారం మొత్తాన్ని ఇవ్వబోగా, గురువుకు చెల్లించవలసిన దానికి మించి పుచ్చుకోవడానికి కౌత్సుడు ఒప్పుకోడు. ఇక్కడ విద్యకు వెల చెప్పడం తప్పు కాలేదు. చెప్పిన వెలకు మించి ఆశించకపోవడం గొప్పతనమైంది. వృత్తిని ఎంచుకొనేటప్పుడు లెక్క చూడటం వివేకం; తరగతిలో అడుగుపెట్టాక ఏ పిల్లవానికి ఎంత చెప్పాలన్నది జీతాన్ని బట్టి కొలవడం అధర్మం. మొదటి లెక్క ఉపాధ్యాయుని హక్కు, రెండవ లెక్కను వదులుకోవడం అతని వ్రతం.

కనుక తేలే సిద్ధాంతం ఇది. బి.ఎడ్. ఖర్చును రాబడితో తూచి, గిట్టదని తేలితే ఆ దారి వదిలివేసినవారు విద్యకు ద్రోహం చేసినవారు కారు. గిట్టదని తెలిసీ చేరినవారి త్యాగాన్ని, వారి జీతం తగ్గించడానికి సాకుగా వాడుకొన్న యాజమాన్యాలే ఆ ద్రోహం చేసినవి. ‘పవిత్రమైన వృత్తి’ అని ఉపాధ్యాయుని కొనియాడే సమాజం ఆ పవిత్రతకు తన వంతు దక్షిణ ముందు చెల్లించాలి. అది చెల్లించనంతకాలం ఉపాధ్యాయుని నిస్వార్థత గురించి ఉపదేశించే అర్హత దానికి లేదు.