మండూకఋణము

సిడ్నీ నగరమున హోంబుష్ ప్రాంతమందు, ఇటుకలకై మన్ను త్రవ్వి విడిచిన గోతిలో, ఆకుపచ్చ మేనిపై బంగారువన్నె గల దేశీయ మండూకజాతి యొకటి జీవించియున్నదని తెలిసినప్పుడు, 2000 ఒలింపిక్ క్రీడలకై అచట నిర్మింపదలచిన టెన్నిస్ ప్రాంగణమును నిర్వాహకులు వేఱొకచోటికి మార్చి, ఆ కప్పలకై క్రొత్త కుంటలను త్రవ్వించిరి.

ఇది దయయా, ఋణవిమోచనమా? దయ యనుట నాకు సమ్మతము గాదు. ఆగ్నేయ ఆస్ట్రేలియా తీరమున నొకప్పుడు విరివిగా నుండిన యీ జాతి నివసించు చిత్తడినేలలను పూడ్చినవాడు మనుష్యుడే; దోమల నణచుటకని తెచ్చి నీట విడిచిన గంబూసియా చేప దాని గ్రుడ్లను, పిల్లలను మ్రింగినది; శిలీంధ్రవ్యాధి తక్కిన పని కానిచ్చినది.

మన పూర్వులును కప్పను మఱచినవారు కారు; ఋగ్వేద సప్తమమండలమున 103వ సూక్తము కప్పలదే. అందు వాని ధ్వని బ్రాహ్మణుల మంత్రఘోషతో పోల్పబడినది. అది పరిహాసమని కొందఱు పండితు లన్నను, వర్షమును స్వాగతించు ప్రాణిని ఋషి గౌరవించె ననుటయే నాకు యుక్తముగ దోచును. కప్పవలన లాభమేమని యడుగుట వర్తకుని ప్రశ్న, ధర్మజిజ్ఞాస కాదు. చెఱువులు పూడ్చి యిండ్లు గట్టుకొను తెలుగువారలారా, మిగిలిన కుంటలనైన విడిచిపెట్టుడు.