క్షేత్రం తెలిసిన అన్వేషణ

దాచినవారికి ముందే తెలిసిన దానిని వెదకి పట్టుకోవడాన్ని జ్ఞానార్జన అనవచ్చునా అన్న ప్రశ్న పైకి పిల్లల ఆటకు సంబంధించినదిగా తోచినా, అన్వేషణ విలువ దాని ఫలంలో ఉందా, వెదకే తీరులో ఉందా అన్న పాత తాత్త్విక వివాదానికి అది నేరుగా దారితీస్తుంది. ఇంగ్లండులోని చారిత్రక ఉద్యానాలలో ఆనవాళ్ల కాగితం చేతపట్టుకొని కుటుంబాలు సాగించే నిధివేట నడక ఈ ప్రశ్నను పరీక్షించడానికి అనువైన సందర్భం. అక్కడ నిధి పేరిట దొరికేది ధనం కాదు. ఒక రాతి మీది చెక్కడమో, ఒక ఫలకం మీది సంవత్సరమో, ఒక మండపపు స్తంభాల లెక్కో మాత్రమే.

‘కంట్రీ పార్కు’ అంటే జనం ఆరుబయట సేదదీరడానికి ఇంగ్లండు, వేల్స్‌లలోని స్థానిక ప్రభుత్వాలు 1968 నాటి గ్రామీణ ప్రాంత చట్టం కింద ఏర్పాటు చేయగలిగిన వనం. ఒకనాడు భూస్వాముల సొంతమైన ఎస్టేట్లు కొన్ని ఈ రూపంలోనే ప్రజలపరమయ్యాయి. డరమ్ కౌంటీలో సెడ్జ్‌ఫీల్డ్ పక్కనున్న హార్డ్‌విక్ పార్కు అటువంటిది. 18వ శతాబ్ది మధ్యకాలంలో జాన్ బర్డన్ అనే సంపన్నుని కోసం వాస్తుశిల్పి జేమ్స్ పెయిన్ (1717–1789) రూపకల్పన చేసిన ఈ ఉద్యానాన్ని ‘సర్క్యూట్ వాక్’, అంటే బయలుదేరిన చోటికే తిరిగి చేర్చే చుట్టుబాట, ఒక్క సూత్రంగా కలుపుతుంది. రోమన్ల విద్యాదేవత మినర్వా పేరిట వెలసినా పూజకు కాక చూపు కోసమే కట్టిన ఆలయం, కట్టిననాడే శిథిలంలా కనబడేట్టు కట్టిన గోథిక్ గోపురం, మెలికలు తిరిగి నదిలా భ్రమింపజేసే మానవనిర్మితమైన నీటిపాయ ఆ తోటలోని విశేషాలు. ఈ ఉద్యానకళలో కట్టడం ఎంత ముఖ్యమో దానిని మరుగుపరచే చెట్లగుంపూ అంతే ముఖ్యం. బాట ఒక మలుపులో ఆలయాన్ని చూపి, మరు మలుపులో దాచి, ఇంకొక దిక్కు నుంచి మళ్లీ చూపుతుంది. ఆ విధంగా నేటి నిర్వాహకులు ఆనవాళ్లు రాయడానికి చాలాముందే ఆ నేల దాగుడుమూతలకు సిద్ధమై ఉంది.

ఆనవాలు చేసే పని ఏమిటో తెలియాలంటే ప్లేటో రచించిన ‘మెనో’ సంభాషణలోని చిక్కుముడిని తలచుకోవాలి. తెలిసిన దానిని వెదకనక్కరలేదు, బొత్తిగా తెలియని దానిని వెదకడం సాధ్యం కాదు, కనుక అన్వేషణే అసంభవం అని అక్కడి వాదం. జ్ఞానమంటే ఆత్మకు పూర్వం తెలిసిన దాని స్మరణమే అని సోక్రటీసు దానికి బదులిస్తాడు. బ్రహ్మసూత్రాల మొదటి సూత్రానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు కూడా ఇదే ఆక్షేపాన్ని ఎత్తుకొని, అందరికీ ఆత్మగా బ్రహ్మం సామాన్యంగా తెలిసినదేననీ, దాని విశేషస్వరూపం విషయంలోనే వాదభేదాలున్నాయనీ, అందువల్లనే జిజ్ఞాసకు చోటున్నదనీ సమాధానపరిచారు. సామాన్యంగా తెలిసి, విశేషంగా తెలియని ఈ నడిమి స్థితినే ఆనవాలు కల్పిస్తుంది. ‘గోపురం దగ్గర వెదకండి’ అన్నప్పుడు వెదకవలసిన చోటు తెలుస్తుంది, వెదకవలసిన వస్తువు తెలియదు.

అయితే ఇందుకు బలమైన ఆక్షేపణ ఒకటుంది. కాగితం అడిగిన పది వస్తువులకే చూపు బిగిసిపోయి, మిగిలిన తోటంతా కంటబడకుండా పోతుందని అనవచ్చు. ఆట అంటే అనవసరమైన అడ్డంకులను కోరి తలకెత్తుకొని దాటే ప్రయత్నమని ‘ది గ్రాస్‌హాపర్’ (1978) గ్రంథంలో నిర్వచించిన బెర్నార్డ్ సూట్స్ ఆలోచన ఇక్కడ అక్కరకు వస్తుంది. దగ్గరి దారిలో జవాబు అందుకోవడం ఆట ఉద్దేశం కాదు. చుట్టుదారిలో తప్పుగా చూసిన వస్తువులే ఆటలోని సారం. ఇది కాదని తోసిపుచ్చడానికైనా ప్రతి రాతినీ ఒకసారి పరికించక తప్పదు. ఉపనిషత్తుల ‘నేతి నేతి’, అంటే ఇది కాదు ఇది కాదని తొలగిస్తూ పోయే పద్ధతిలో తొలగించినవి వెనక్కి పోయి సత్యం మిగులుతుంది; నిధివేటలో మాత్రం తొలగించినవే చూసినవారికి మిగులుతాయి.

గుప్తనిధుల ఆశతో తెలుగునాట పాత గుడులను, కోటలను తవ్వేవారి వెతుకులాటకు, దీనికి ఉన్న తేడా ఇక్కడే తేటపడుతుంది. తవ్వేవారికి నిధి తప్ప మిగిలిందంతా అడ్డమే, అందుకే శిల్పం పగిలినా వారికి పట్టదు. భూమిలో దాగిన బంగారు నిధి మీదుగా, ఆ క్షేత్రం తెలియనివారు మళ్లీ మళ్లీ నడుస్తున్నా దానిని పొందలేనట్లే, జీవులు నిత్యం బ్రహ్మాన్ని చేరుతూ కూడా ఎరుగరని ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. మత్తయి సువార్తలోని ఉపమానంలో నిధిని కనుగొన్న మనిషి దానిని ఎత్తుకుపోక, ఉన్నదంతా అమ్మి ఆ పొలాన్నే కొంటాడు. భిన్న సంప్రదాయాలకు చెందిన ఈ రెండు చోట్లా నిధి తన నేలతో ముడిపడే ఉంది.

దాచినవారి జ్ఞానం, వెదకినవారి జ్ఞానం ఒకటి కావని దీనివల్ల తేలుతుంది. దాచినవారికి తెలిసినది ఆ వస్తువున్న చోటు. వెదకినవారికి తెలిసేది, అది లేని చోట్లన్నింటిలో ఏమున్నదో. కాబట్టి కాగితంలో రెండు ఖాళీలు మిగిలిపోయినా, గోపురాన్ని కట్టిననాడే ఎందుకు శిథిలం చేశారని అడగగలిగినవారి నడక, పది జవాబులూ నింపి ఏమీ అడగనివారి నడక కన్నా సఫలమైనది. అయినా ఈ పోలికను హద్దు మీరనివ్వరాదు. బ్రహ్మజిజ్ఞాసలో వెదకేవాడే వెదకబడేవాడు. తోటలో వెదకబడేది ఎప్పుడూ బయటి వస్తువే. అద్వైతులు జిజ్ఞాసువుకు కావాలన్న శమదమాది ఆరు గుణాలలో ఒకటైన సమాధానం, అంటే చిత్తాన్ని ఒకచోట నిలపడం, ఈ నడకలో కొంత అలవడవచ్చు. అంతకు మించిన ఫలాన్ని దానికి అంటగట్టడం న్యాయం కాదు.