పని ఎవరిది, ఫలితం ఎవరిది?

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అక్కావాళ్లు, మేము పక్కపక్క వీధుల్లో ఉంటాం. బావగారు బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ మెట్స్ అభిమాని. తీరిక దొరికితే మ్యాచ్ చూస్తారు, మెట్స్ గెలిస్తే సంతోషిస్తారు, ఓడిపోతుంటే టీవీ కట్టేస్తారు. 2024కి ముందు నేనూ అంతే. ఆ ఏడు మా ఆఫీసు ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో ఒక చోటు ఖాళీ అయితే నన్ను చేర్చుకున్నారు. సీజన్ ముగిశాక, చలికాలంలో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలివి. ఆట చూడటమంటే ఏమిటో ఈ లెక్కల ఆటే నాకు నేర్పిందని నా నమ్మకం.

బావగారు: మైదానంలో ఒక ఆట జరుగుతుంటే ఫోన్‌లో ఇంకో ఆట ఎందుకోయ్? ఉన్నది చాలదా?

నేను: ఉన్నదాన్ని మనం చూడటం లేదు బావగారూ. మన జట్టు గెలిచిందా ఓడిందా, అంతవరకే చూస్తాం. ఆ గెలుపులో ఎవరి వంతు ఎంతో మనకు పట్టదు.

బావగారు: ఇంతకీ ఎలా ఆడతారు?

నేను: మార్చిలో సీజన్ మొదలయ్యే ముందు లీగ్‌లోని వాళ్లందరం కూర్చుని, ముప్పై జట్లలోంచి ఆటగాళ్లను పంచుకుంటాం. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. ఒకరు తీసుకున్నవాణ్ని మరొకరు తీసుకోకూడదు. అక్కణ్నుంచి సెప్టెంబరు చివరిదాకా వాళ్లు మైదానంలో నిజంగా ఏం చేస్తే అదే మన ఖాతాలో పడుతుంది. బ్యాటర్లకు సగటు, పరుగులు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు, దొంగిలించిన బేస్‌లు. పిచర్లకు గెలుపులు, సేవ్‌లు, స్ట్రయికౌట్లు, ఈఆర్‌ఏ, విప్. పదిమంది ఉన్న లీగ్‌లో హోమ్ రన్లలో మొదటివాడికి పది పాయింట్లు, చివరివాడికి ఒకటి. అన్ని పద్దులూ కలిపి ఎవరికి ఎక్కువ వస్తే వారిదే గెలుపు.

బావగారు: అదే నా అభ్యంతరం. మనిషిని పద్దుగా మార్చేశారు. ఊరి మీద ప్రేమ, జట్టు మీద ప్రేమ, అవన్నీ పోయి లెక్క ఒక్కటే మిగిలింది.

నేను: మరి మీ ప్రేమ ఏం చూసిందో చెప్పండి. 2018లో జేకబ్ డిగ్రామ్ మన మెట్స్‌కే ఆడాడు. ఈఆర్‌ఏ 1.70. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి తన బాధ్యత మీద ఇచ్చిన పరుగులు సగటున రెండు కూడా లేవు. అంత గొప్పగా వేసినా అతని పేరు మీద పడినవి పది గెలుపులు, తొమ్మిది ఓటములు. అతను వేసిన రోజు మనవాళ్లు కొట్టలేదు. ఆ ఏడు మెట్స్ 85 మ్యాచ్‌లు ఓడింది. మీరు టీవీ కట్టేసిన రోజుల్లో అతను మౌండ్ మీద ఉన్న రోజులెన్నో!

బావగారు: ఉత్తమ పిచర్‌గా అతనికి సై యంగ్ అవార్డు ఇచ్చారుగా.

నేను: ఇచ్చారు. ఎందుకంటే ఓటు వేసినవాళ్లు గెలుపుల పద్దు దగ్గర ఆగిపోలేదు, మిగతావీ చదివారు. పంట రైతుది, ధర మార్కెట్‌ది. ధర పడిపోయిందని రైతుకు సేద్యం రాదంటామా? గెలుపు దగ్గరే ఆగే అభిమాని రోజూ అంటున్నది ఆ మాటే.

బావగారు: సరే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ నీ లెక్కల్లోనూ గెలుపుల పద్దు ఉందిగా.

నేను: ఉంది. పక్కన స్ట్రయికౌట్ల పద్దు కూడా ఉంది కాబట్టే తేడా కళ్లబడుతుంది. 2024లో షికాగో వైట్ సాక్స్ సంగతి మీకు తెలుసు. 121 ఓటములు.

బావగారు: తెలియకేం! 1962లో మెట్స్ ఓడిన 120ని దాటేశారు. మా వాళ్ల నెత్తి మీది బరువు దించారు.

నేను: ఆ జట్టులో గారెట్ క్రోషే అని ఒక ఎడమచేతి పిచర్. అంతకుముందు ఎప్పుడూ స్టార్టర్‌గా వేయనివాడు. డ్రాఫ్ట్‌లో అతణ్ని ఎవరూ తీసుకోలేదు, ఏప్రిల్‌లో నేను తీసుకున్నాను. 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రయికౌట్లు! గెలుపులు మాత్రం ఆరు, ఓటములు పన్నెండు. జులై నుంచి చెయ్యి అలిసిపోకూడదని నాలుగేసి ఇన్నింగ్స్‌కే ఆపేశారు. స్టార్టర్ ఐదు ఇన్నింగ్స్ నింపితే గాని గెలుపు అతని పేరు మీద రాయరు. ఆ సంగతి తెలిసి కూడా అతను ప్రతి బంతీ అదే పట్టుదలతో వేశాడు. నేను లీగ్‌లో చేరకపోతే షికాగోలో ఓడిపోతున్న జట్టు మ్యాచ్ పెట్టి చూసేవాణ్నా?

బావగారు: చూసేవాడివి కాదు. కానీ చూసింది అతణ్నా, నీ పాయింట్లనా? అసలు ప్రశ్న అది. మే నెలలో రోనాల్డ్ అకూన్యా మోకాలు దెబ్బతిన్న రోజు నీ ముఖం నాకు గుర్తుంది. ఆ బాధ ఎవరి కోసం?

నేను: మొదటి క్షణంలో నా జట్టు కోసం. డ్రాఫ్ట్‌లో నా మొదటి ఎంపిక అతనే. అంతకుముందు ఏడాది 41 హోమ్ రన్లు కొట్టి, 73 బేస్‌లు దొంగిలించి ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయినవాడు. కానీ బాధ అక్కడే ఆగలేదు. 2021లో కుడి మోకాలు పోగొట్టుకుని, కష్టపడి తిరిగొచ్చి, ఇప్పుడు ఎడమ మోకాలు. పిట్స్‌బర్గ్‌లో బేస్ దగ్గర పడిపోయిన వీడియో చూస్తుంటే పాయింట్లు గుర్తుకే రాలేదు. స్వార్థం తలుపు తీసింది, లోపలికి వెళ్లాక కనిపించింది మనిషే.

బావగారు: తలుపు దగ్గరే నిలబడిపోయేవాళ్లు ఉంటారు.

నేను: ఉంటారు. ఊరి పేరు చెప్పుకుని జట్టును ప్రేమించేవాళ్లలోనూ ఉంటారు. ఏ తలుపు తీస్తే ఎక్కువమంది కనిపిస్తారన్నది నా లెక్క. మీ తలుపు లోపల ఒక జట్టే. నాకు ముప్పై.

బావగారు: అకూన్యా బ్రేవ్స్ వాడు కదోయ్! మనకు పగవాడు.

నేను: పగవాడి ప్రతిభ చూసి సంతోషించగలిగితే అభిమానం తగ్గినట్టా, పెరిగినట్టా?

బావగారు: పెరిగినట్టే. కాదనను. అయితే ఇంత పిచ్చి ఎవరికి పుట్టిందోయ్?

నేను: డానియల్ ఓక్రెంట్ అనే రచయితకు. 1980లో న్యూయార్క్ మిత్రులతో మొదటి లీగ్ నడిపాడు. వాళ్లు కలుసుకునే రెస్టారెంట్ పేరు లా రోటిసరీ ఫ్రాన్సేజ్. అందుకే రోటిసరీ లీగ్ అన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒకే మొత్తం, దాంతో వేలంలో ఆటగాళ్లను కొనుక్కోవాలి. అతనికంటే ముందు 1960లో విలియమ్ గామ్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇలాంటిదే నడిపాడు. ఆ ఆట ఒక అధ్యాపకుడి ద్వారా ఓక్రెంట్ చెవిన పడింది.

బావగారు: అంత చిన్న గుంపు నుంచి దేశమంతా ఎలా పాకింది?

నేను: 1981లో ఆటగాళ్లు సమ్మె చేశారు. మ్యాచ్‌లు లేవు, క్రీడా విలేఖరులకు రాయడానికేమీ లేదు. వాళ్లు ఈ లీగ్ గురించి రాశారు, అలా పాకింది. తర్వాత ఈ ఆట కోర్టుల దాకా వెళ్లింది. ఆటగాళ్ల పేర్లు, వాళ్ల అంకెలు ఎవరి సొత్తు అని. సెయింట్ లూయిస్‌కు చెందిన సీబీసీ అనే కంపెనీ లైసెన్సు లేకుండానే ఫాంటసీ ఆటలు నడపవచ్చంది. బేస్‌బాల్ యాజమాన్యం కాదంది. 2007లో అమెరికా ఎనిమిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు సీబీసీ వైపే తీర్పిచ్చింది. ఈ వివరాలు అందరికీ అందుబాటులో ఉన్నవే కాబట్టి వాడుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చిందంది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

బావగారు: బాగుంది! ఒకడు కొట్టిన హోమ్ రన్ ఊరందరి ఆస్తి అన్నమాట. మరి జూదం మాటేమిటి? మన వైపు తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి.

నేను: మా లీగ్‌లో పైసా పందెం లేదు. కాబట్టి ఆ మాట ఇక్కడ వర్తించదు.

బావగారు: టైము వృథా కాదా?

నేను: చూడటం నేర్పే టైము వృథా కాదు.

బావగారు: చివరిగా ఒక్కటి. అక్టోబరులో మెట్స్ ఆడుతుంటే నీ మనసు ఎటు?

నేను: ఫాంటసీ సీజన్ రెగ్యులర్ సీజన్‌తోనే ముగుస్తుంది. ప్లేఆఫ్స్‌లో డాడ్జర్స్‌తో మెట్స్ ఆరు మ్యాచ్‌లు పోరాడినప్పుడు మీ పక్కన కూర్చుని మీలాగే అరిచాను. ఆ ప్రేమ ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఓడిన రాత్రి కూడా మన పిచర్లలో ఎవరు బాగా వేశారో చెప్పగలిగాను.

బావగారు: అయితే వచ్చే మార్చిలో నన్నూ చేర్చు. ఎవరిని తీసుకోమంటావు?

నేను: మొదటి రౌండ్లలో అందరూ మెచ్చినవాళ్లనే తీసుకోండి. చివరి రౌండ్‌లో మాత్రం, అట్టడుగున ఉంటుందనుకున్న జట్టు నుంచి ఒక పిచర్‌ను ఎంచుకోండి. ఆగస్టులో ఆ జట్టు వందో ఓటమి వైపు నడుస్తున్నప్పుడు, అతను వేసే రోజు టీవీ పెట్టి చివరిదాకా కట్టేయకండి. మనుషుల్ని పద్దులు మింగేస్తాయా అన్న మీ ప్రశ్న ఆ రోజు నన్ను మళ్లీ అడగండి.