పేరు లేని ఉత్తరం

అమ్మలూ,

‘ఎవరో అమ్మాయి నెట్‌లో పేరు లేకుండా బాగా రాస్తోంది తాతయ్యా, చదువు’ అని మొన్న మీ తమ్ముడు ఫోను చేతికిచ్చాడు. వాడు పోల్చుకోలేదు గానీ, నాలుగోది చదివేసరికి అది నువ్వేనని నాకు తెలిసిపోయింది. వాడికి చెప్పలేదులే.

ఎలా తెలిసిందంటావా? నేను పోస్ట్‌మ్యాన్‌ని కదే! ఒకసారి ఓ కార్డు ముక్క వచ్చింది. ఇంటి నంబరు లేదు, పేరు లేదు. ‘చింతచెట్టు దగ్గర మిషను కుట్టే అత్తయ్యకి’ అని ఉంది, అంతే. ఊళ్లో చింతచెట్లు బోలెడు, కుట్టుమిషన్లు పది. ఆ రెండూ కలిసిన గుమ్మం మాత్రం ఒక్కటే. పది నిమిషాల్లో ఇచ్చొచ్చాను.

నీ రాతల్లోనూ పేరు లేదు. ఒకరోజు హాస్టల్ కిటికీలోంచి వాటర్ ట్యాంకు ఫొటో, ఇంకోరోజు గురువారం ల్యాబంటే విసుగు, మరోరోజు నాన్నకి రెండో స్టెంట్ వేశారన్న దిగులు. దేనికది చిన్నదే. మూడూ ఒక దారానికి గుచ్చితే నీ గుమ్మమే.

పేరు తీసేస్తే చాలదే. 2006లో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ, దాదాపు ఆరున్నర లక్షల మంది నెట్‌లో ఏమేం వెతికారో పరిశోధకుల కోసమని బయటపెట్టింది. పేర్లు తీసేసి అంకెలు వేసింది. 4417749 అనే అంకె వెనకున్న పెద్దావిడ ఇంటికి న్యూయార్క్ టైమ్స్ విలేకరులు కొద్ది రోజుల్లోనే చేరుకున్నారు. ఆవిడ వెతికినవేమిటి? తన ఊళ్లో తోటపని చేసేవాళ్లు, తన ఇంటిపేరున్న మనుషులు, వేళ్ల తిమ్మిరి. కంపెనీ నాలిక్కరుచుకుని అన్నీ తీసేసింది గానీ, అప్పటికే జనం కాపీ చేసుకున్నారు.

రాయొద్దని అనను. రాస్తే గుండె తేలికవుతుంది. ఫొటో మాత్రం ఆ చోటు దాటి వచ్చాక పెట్టు. నీ బాధ నీది, రాసుకో. నాన్న జబ్బు నాన్నది, ఆయన్నడిగి రాయి. రాత్రి రాసింది పొద్దున చదువుకుని పంపు. కోపంలో ఉత్తరం డబ్బాలో వేసేసి, లబోదిబోమంటూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చినవాళ్లు ఎందరో. సాయంత్రం నేను తాళం తీసేదాకా అది డబ్బాలోనే ఉండేది. నీ డబ్బాకి ఆ సాయంత్రం లేదు తల్లీ.

కార్డు మీద రాసేది వేరు, కవర్లో పెట్టి అంటించేది వేరు. కవర్లో పెట్టాల్సింది ఏదైనా ఉంటే అర్ధరాత్రయినా నాకు ఫోను చెయ్యి. ఒకరిది ఇంకొకరి గుమ్మంలో వెయ్యకుండానే రిటైరయ్యాను.

మీ తాతయ్య