గుహలో దొరికిన అవకాశము
(1 సమూయేలు 24వ అధ్యాయము చదువుకొనుడి)

ఏన్గెదీ ఉప్పు సముద్రపు పడమటి ఒడ్డున ఉన్నది. చుట్టును ఎండిన కొండలు, నడుమ నీటి ఊట. అచ్చటి గుహలో దావీదు తన జనులతో దాగియుండగా, అతని వెదకుటకు 3000 మందితో వచ్చిన సౌలు ఎరుగక ఒంటరిగా ఆ గుహలోనికే ప్రవేశించెను. దేవుడు మాట ఇచ్చిన దినము ఇదేయని దావీదు జనులు అతనిని పురికొల్పిరి.

వారి మాట వెఱ్ఱిమాట కాదు. సమూయేలు దావీదును అభిషేకించియుండెను. సౌలు నిష్కారణముగా తరుముచుండెను. ఇప్పుడు శత్రువు తనంతట తానే చేతికి చిక్కెను. ఇది దేవుని కార్యము గాక మరేమి? పాపమునకు లోబడునప్పుడు మనము తరచుగా భక్తి మాటలనే వాడుకొందుము గదా!

ప్రియులారా, మన పొలములకు వత్తము. పొరుగు రైతు ఏటేట మన గట్టును కొంచెము కొంచెముగా చెక్కుకొనుచున్నాడనుకొందము. న్యాయముకొరకు మనము మోకరించి మొఱ్ఱపెట్టితిమి. ఇంతలో రీసర్వే జరిగినది. కొలతలోని పొరపాటువలన, ఆ తగవుతో సంబంధమే లేని అతని భూమి 20 సెంట్లు మన పాసు పుస్తకములోనికి ఎక్కినది. మనము లంచమియ్యలేదు, అబద్ధమాడలేదు. ఊరకుండిన చాలును. దేవుడు మన మొఱ్ఱ వినెనని ఇంటిల్లిపాదియు అందురు. సాక్ష్య కూటములో చెప్పుకొనుటకును వెనుదీయము. ఆ 20 సెంట్లే మన గుహ.

దావీదు సౌలు పైవస్త్రపు చెంగు మాత్రమే కోసెను. అంతమాత్రమునకే అతని మనస్సు నొచ్చుకొనెను. రాజ్యము తనకు వాగ్దానము చేయబడినది నిజమే. అది వచ్చు త్రోవను ఏర్పరచుకొను అధికారము తనకు లేదని అతడెరిగెను. అయితే అతడు నోరు మూసికొని కూర్చుండలేదు. గుహ వెలుపలికి వచ్చి, రాజును పిలిచి, తనకు జరిగిన అన్యాయమును అందరియెదుట చెప్పెను. ఓర్పు అనగా మూగతనమని మనలో కొందరు తలంచుచున్నారు గనుక ఈ సంగతి గమనింపవలెను.

దావీదును మరీ గొప్పచేసి చెప్పనక్కరలేదు. తరువాతి అధ్యాయములోనే నాబాలు దురుసుమాటకు అతని యింటి మగవారినందరిని చంపుటకు కత్తి కట్టుకొని బయలుదేరెను. అబీగయీలు అడ్డుపడకపోయిన ఏమగునో! పిమ్మట విసిగి, ఫిలిష్తీయుల దేశములో ఒక సంవత్సరము నాలుగు నెలలు తలదాచుకొని, ఆకీషునొద్ద అబద్ధములాడెను. శ్రమకన్న ఆలస్యమే మనలను ఎక్కువగా విరుచునని మా తలంపు. సింహాసనము కొరకు అతడు సౌలుమీద చెయ్యి వేయలేదు. సౌలు గిల్బోవ కొండమీద యుద్ధములో చనిపోయెనని విని దావీదు బట్టలు చింపుకొని ఏడ్చెను. హెబ్రోనులో రాజైనప్పుడు అతనికి 30 ఏండ్లు.

గుహయొద్ద సౌలు కన్నీరు విడిచి ఇంటికి పోయెను. అయినను మరల 3000 మందితో హకీలా కొండకు వచ్చెను. అచ్చట అబీషై అతనిని పొడిచెదననగా దావీదు వలదని, ఈటెను నీళ్లబుడ్డిని మాత్రము తీసికొనిపోయి, ఆ ఈటెను కూడ తిరిగి ఇచ్చివేసెను.

మనమును ఆ 20 సెంట్లు పొరుగువాని పేరట దిద్దించిన మరుసటి వానకాలమే అతడు మరల మన గట్టుమీద పార వేయవచ్చును. అప్పుడు మన అర్జీ మనము వ్రాసికొని మండల కార్యాలయమునకు మరల నడిచి పోవుదము.