నిగ్రహం నిలిపిన తోట

పాలకుడు తన వినోదం కోసం నిర్మించుకొన్నది కాలక్రమంలో ప్రజల పరమైనప్పుడు, వారికి సంక్రమించేది సౌందర్యమా, లేక దాని వెనుకనున్న విలాసమా? జర్మనీలోని బవేరియా రాష్ట్రపు ఉత్తర భాగంలో, వోన్జేస్ అనే చిన్న గ్రామీణ స్థానిక సంస్థ పరిధిలోగల సాన్‌పరేయ్ శిలోద్యానం ఈ ప్రశ్నకు తావిస్తున్నది.

ఈ గ్రామం పూర్వనామం ట్స్వెర్నిట్స్. బైరాయిట్ ప్రభువు ఫ్రీడ్రిష్, ప్రష్యా రాజు మహా ఫ్రెడరిక్ సోదరి అయిన ఆయన భార్య విల్హెల్మీనే 1744 నుండి ఇక్కడి కోట సమీపంలోని బీచ్ వనాన్ని ఉద్యానంగా తీర్చిదిద్దించారు. 1746లో గ్రామానికి ‘సాటిలేనిది’ అనే అర్థంగల ఫ్రెంచి పేరు పెట్టారు. ఊరి పేరు సైతం ప్రభువుల అభిరుచికి లోబడింది. కోట మాత్రం నేటికీ పాత పేరుతోనే ఉన్నది.

ఉద్యాన రచనకు ప్రేరణ 1699లో వెలువడిన ‘టెలిమాక్’. ఫ్రెంచి మతాచార్యుడు ఫెనెలోన్ తన శిష్యుడైన రాజకుమారుని కోసం రచించిన ఈ గ్రంథం, ఆడంబరం రాజ్యానికి చేటనీ, ప్రజాక్షేమమే రాజధర్మమనీ బోధిస్తుంది. కాలిప్సో ద్వీపంలో మోహవశుడైన యువకుణ్ణి, గురువు మెంటర్ రూపంలో వెంటనున్న జ్ఞానదేవత కొండపైనుండి సముద్రంలోకి త్రోసి రక్షిస్తుంది. ఆ ద్వీపాన్నే ఇక్కడి శిలలలో, గుహలలో ఊహించుకొని రాజపరివారం విహరించింది. విలాసాన్ని నిరసించిన గ్రంథం విలాసానికే అలంకారమైంది.

అయితే ఈ వైరుధ్యాన్ని గుర్తించినంత మాత్రాన విచారణ ముగియదు. వెర్సాయ్ పద్ధతిలో నేలను చదును చేసి కొలతలకు లొంగదీయక, నిర్మాతలు ప్రకృతిసిద్ధమైన శిలలను ఉన్నచోటనే ఉండనిచ్చారు. ప్రాచ్యభవనాన్ని కట్టినప్పుడు ఒక బీచ్ వృక్షాన్ని నరకక, దాని చుట్టూ గోడలు లేపారు. నాటకరంగాన్ని మొదటినుండే శిథిలం వలె నిర్మించారు. తరువాతి కాలంలో చిన్న కట్టడాలు అనేకం అంతరించాయి; శిలలు, వనం నిలిచాయి. అనగా, గ్రంథంలోని నీతిని ప్రభువులు తమ జీవితంలో ఎంతవరకు పాటించినా, నిర్మాణంలో చూపిన సంయమనమే ఉద్యానాన్ని కాపాడింది.

బైరాయిట్ 1810లో బవేరియాలో విలీనమైంది. నేడు ఈ ఉద్యానాన్ని ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖ పరిరక్షిస్తున్నది. ఆ శాఖ స్థానం యజమానిది కాదు, ధర్మకర్తది. ధర్మకర్త వారసత్వపు మూలాన్ని దాచరాదు. దానిపై ఆగ్రహంతో సౌందర్యాన్ని ధ్వంసం చేయరాదు. మెరుగుపరిచే ఉత్సాహంలో దాని స్వభావాన్ని మార్చరాదు. అధికారానికి చేయగల శక్తి ఎంత అవసరమో, చేయక విడిచిపెట్టే వివేకమూ అంతే అవసరం. ఒక చెట్టు కోసం తన గోడలను సర్దుకొన్న ఆ భవనం పాలనాధికారులందరికీ చెప్పేది ఇదే.